మట్టిలోంచి వచ్చిన మాట

సిరిసిల్లలో పుట్టి పెరిగినవాళ్ళకు సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు చప్పుడులా అనిపించదు. పొద్దున కళ్ళు తెరిచేసరికి అది ఉంటుంది, పడుకునేసరికీ ఉంటుంది. చెవులకు అలవాటైపోతుంది గానీ రేడియో సెట్టుకు మాత్రం కాదు. ఊళ్ళో అన్ని మరమగ్గాలు కరెంటు మీద ఆడుతుంటే గాలిలో, నేలలో ఒక గరగర పరుచుకుని ఉంటుంది. ఆ గరగరలో సన్నటి సిగ్నల్ ఏదీ బతకదు.

నా భర్త ప్రేమ్‌సాగర్ ఆ సాంచాల మోటర్లు బాగుచేసేవాడు. పని నుంచి వచ్చి, స్నానం చేసి, డాబా మీదికి ఎక్కితే ఆయన లోకం వేరు. సొంతంగా సెట్టు పెట్టుకుని మాట్లాడే హామ్ రేడియో లైసెన్సు పరీక్ష ఇద్దరం కలిసే రాశాం. పొట్టి చుక్కలూ పొడుగు గీతలుగా అక్షరాలు పంపే మోర్స్ కోడ్ ఆయనకంటే ముందు నాకే వచ్చింది. పెళ్ళయిన కొత్తలో అత్తమ్మ పక్కనే కూర్చుని ఉన్నా మేం స్టీలు గ్లాసు మీద వేలితో కొట్టుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం. ఇంగ్లిష్ అక్షరాలే, మాటలు మాత్రం మన తెలుగువే.

తక్కిన హామ్‌లు దూరదేశాల వాళ్ళతో మాట్లాడి సంబరపడతారు. ఈయన పిచ్చి వేరు. ఈయనకు అతి తక్కువ ఫ్రీక్వెన్సీలు కావాలి. మామూలు రేడియో తరంగం మట్టిని, రాతిని దాటలేదు. ఫ్రీక్వెన్సీని బాగా కిందికి దించితే మాత్రం నేలలోంచి కూడా పాకుతుంది. రెండు ఇనుప కడ్డీలు ఎడంగా భూమిలో దిగగొట్టి వాటిలోకి సిగ్నల్ వదిలితే, దూరంగా మరో రెండు కడ్డీలు పాతుకుని కూర్చున్న మనిషి దాన్ని పట్టుకోవచ్చు. వచ్చేది ఎంత బలహీనంగా ఉంటుందంటే చెవికి వినపడదు. అందుకే ఒక్కో చుక్కను, ఒక్కో గీతను సాగదీసి పంపాలి. ల్యాప్‌టాప్ తెరమీద అవి సన్నటి తెల్లగీతలుగా మెల్లమెల్లగా పడతాయి. ఒక మాట పూర్తయ్యేలోపు టీ పెట్టుకుని తాగేయొచ్చని నవ్వేవాడు.

"గనులల్ల మనుషులు ఇరుక్కుంటే ఫోన్లు పనిచెయ్యయి రమా. గిదే పనిచేస్తది. సూస్తుండు" అనేవాడు.

కరెంటు తీగలు లేని చోటు కోసం చాలా రోజులు వెతికాడు. చివరికి అర్జున్ రావు గారు దొరికారు. కోరుట్ల అవతల ఒక పల్లెలో వాళ్ళది పెద్ద వ్యవసాయం. వాళ్ళ మోటర్లు ఈయన బాగుచేసి ఇచ్చేవాడు. ఊరికి దూరంగా ఆయనకు సాగు లేక పడావు పడ్డ మెట్ట చెలక ఒకటి ఉంది. అందులో రాతికట్టు ఉన్న పాత మోటబావి. ఎండిపోయి ఏళ్ళయింది. అడుగున ఒక పక్కకు మనిషి వంగి నడిచేంత సొరంగం.

"మా తాత నీళ్ళ కోసం తవ్విపిచ్చిండట. నడిమిట్ల ఎందుకు బంద్ వెట్టిండ్రో మాకు ఎర్కలేదు. పైలంగ దిగుండ్రి" అన్నారు అర్జున్ రావు గారు.

ఆ ఆదివారం మా పాప భాగ్యశ్రీని తంగళ్ళపల్లిలో అత్తమ్మ దగ్గర వదిలి బండి మీద బయలుదేరాం. వేములవాడలో నా తమ్ముడు జితేందర్ కలిశాడు. అక్కడి ఒక లాడ్జిలో మేనేజరు వాడు. సెలవు పెట్టుకుని మాకు తోడు వచ్చాడు. బావంటే వాడికి ప్రాణం. మోర్స్ అంటే మాత్రం ఒక్క ముక్క తెలియదు. "మీ ఇద్దరు గ్లాసులు కొట్టుకునుడు నాకెందుకు" అని వెక్కిరించేవాడు.

దారిలో రుద్రంగి దగ్గర మిర్చీ బజ్జీలు తిన్నాం. ఎండ మెత్తగా ఉంది. చెలకలో పిట్టలు తప్ప చప్పుడు లేదు. ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే తెర నల్లగా, శుభ్రంగా ఉంది. "గిసొంటి జాగ మల్ల దొరకది" అని ప్రేమ్ పొంగిపోయాడు. ఒక సెట్టు నా దగ్గర పెట్టి, రెండోది సంచిలో వేసుకుని, తాడు పట్టుకుని బావిలోకి దిగాడు. జితేందర్ పైనుంచి కడ్డీలు, వైరు అందించాడు. సొరంగంలోకి వెళ్ళేముందు ప్రేమ్ తల పైకెత్తి నా వైపు చేయి ఊపాడు.

కాసేపటికి నా తెరమీద గీతలు మొదలయ్యాయి. ఆయన చేతివాటం నాకు తెలుసు. తొందర మనిషి. గీతలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఎగుడుదిగుడుగా పడతాయి. ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను.

"రమా టీ అయిందా."

నేను పకపకా నవ్వాను. జితేందర్‌కు చదివి వినిపిస్తే వాడూ నవ్వాడు. జవాబు పంపడానికి మీట మీద వేలు పెట్టాను.

అప్పుడే కాళ్ళ కింద నేల ఒక్కసారి కదిలింది. పెద్ద చప్పుడేం కాదు. బరువైన బస్తా ఎవరో ఎత్తి పడేసినట్టు ఒక్క దెబ్బ. బావిలోంచి ఎర్రటి దుమ్ము లేచి మా మీద పడింది.

"బావా!" అని జితేందర్ అరిచాడు. తాడు పట్టుకుని జరజరా దిగాడు. దుమ్ములో వాడు కనపడలేదు. వాడి దగ్గు వినిపించింది, గోళ్ళతో మట్టి గీకుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఏడుపు వినిపించింది.

"అక్కా... మొత్తం కూలింది. సొరంగం నోరు మూసుకపోయింది."

ఆ తర్వాత జరిగినవి నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. ఎవరికి ఫోన్ చేశానో, ఏం అరిచానో తెలియదు. అర్జున్ రావు గారు కారు వదిలేసి చెలకలో పరుగెత్తుకుంటూ వచ్చారు. ఊరివాళ్ళు పారలు, గడ్డపారలు పట్టుకొచ్చారు. పోలీసులు, ఫైర్ వాళ్ళు వచ్చారు. జేసీబీ వచ్చింది, దాని డ్రైవర్ పేరు ఆగయ్య. సొరంగం నోటి దగ్గర తవ్వితే పైకట్టు మళ్ళీ కూలుతుందని, బావి పక్కన పైనుంచే వాలుగా తవ్వుకుంటూ పోవాలని ఫైర్ ఆఫీసర్ తేల్చాడు. ఎంతసేపు పడుతుందని అడిగాను. ఆయన నా ముఖం చూడకుండా "తెల్లారచ్చమ్మా" అన్నాడు.

తెల్లారేదాకా ఆయనకు గాలి ఉంటుందా?

అప్పుడు గుర్తొచ్చింది. సెట్టు! ప్రేమ్ చేతిలో సెట్టు ఉంది. గనిలో ఇరుక్కుంటే గిదే పనిచేస్తది అన్నాడు. నేను నా కడ్డీల దగ్గరికి పరుగెత్తి మట్టిలో కూలబడ్డాను. ఒక్కో అక్షరం నిదానంగా, కొలిచినట్టు పంపాను. బలహీనమైన సిగ్నల్‌లో తొందరపడితే అక్షరాలు కలిసిపోతాయి.

"బతికున్నవా. నేను పైన ఉన్న. గాలి ఉందా. నీళ్ళు ఉన్నయా. భయం లేదు. జితేందర్ వస్తుండు."

తెర నల్లగా ఉంది. మళ్ళీ పంపాను. మళ్ళీ. సొరంగం నోరు మూసుకుపోయిందని, పైనుంచి తవ్వుతున్నారని పంపాను. చుట్టుపక్కల బావుల దగ్గర మోటర్లు మొదలయ్యాయేమో, తెరంతా మసక గీతలు పడ్డాయి. అర్జున్ రావు గారికి చెబితే ఊళ్ళోకి మనిషిని పంపి అందరి మోటర్లూ ఆపించారు. పొద్దు వాలింది. చెలక మీద చల్లదనం దిగింది. జేసీబీ గుర్రుమంటోంది. లైట్ల కోసం జనరేటర్ పెట్టారు. అది మొదలవగానే నా తెరంతా తెల్లగీతలతో నిండిపోయింది.

"సార్, జనరేటర్ బంద్ పెట్టుండ్రి. జర్రసేపు" అన్నాను.

"లైట్లు లేకపోతే ఎట్ల తవ్వుతరమ్మా?" అన్నాడు ఆఫీసర్.

"మీ కాళ్ళు మొక్కుత సార్. ఆయన జవాబిస్తుండొచ్చు. గీ గరగరల నాకు కనిపిస్తలేదు. జర్రసేపు..."

ఆయన చేయి ఊపాడు. జనరేటర్ ఆగింది. జేసీబీ ఆగింది. లైట్లు ఆరిపోయి చీకటి ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. అంతమంది మనుషులూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు. ఎవరో గొంతు సవరించుకున్నారు. బావిలోంచి వాసన వస్తోంది... పచ్చి బురద వాసన. ఏళ్ళ తరబడి చుక్క నీరు లేని బావిలోంచి.

నేను తెరనే చూస్తున్నాను.

నల్లటి తెరమీద ఒక సన్న గీత మొదలైంది. ఆగింది. ఇంకో గీత.

"వచ్చింది!" అని అరిచాను. నోరు నేనే మూసుకున్నాను. ఒక్కో అక్షరం పడుతోంది. నా గుండె ఆ గీతల కంటే వందరెట్లు తొందరగా కొట్టుకుంటోంది.

"ఉన్న."

అంతే. ఒక్క మాట. నేను ఏడుస్తూ నేల మీద పడి మట్టిని ముద్దు పెట్టుకున్నాను. జితేందర్ నన్ను పట్టుకుని వాడూ ఏడ్చాడు. చీకట్లో జనం "బతికుండు, బతికుండు" అనుకున్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆఫీసర్ నా భుజం మీద చేయి వేసి, "అడుగమ్మా. దెబ్బలేమన్న తాకినయా అడుగు" అన్నాడు.

అడిగాను. చాలాసేపు ఏమీ రాలేదు. లైట్లు వేయనియ్యమని ఆగయ్య తొందరపెడుతున్నాడు. నేను వద్దని చేతులు జోడించాను. అప్పుడు వచ్చింది.

"గాలి లేదు."

ఆ రెండు మాటలు చదివి వినిపించాను. జనరేటర్ మళ్ళీ వేశారు. జేసీబీ మళ్ళీ తవ్వింది. ఒక్కో బకెట్ మట్టి తీయడానికి ఒక్కో యుగం పట్టినట్టుంది. కాసేపయ్యాక మళ్ళీ ఆపించాను. మళ్ళీ చీకటి, మళ్ళీ నిశ్శబ్దం. నేను ఏం పంపినా ఆయన దానికి జవాబు చెప్పలేదు. తెరమీద వచ్చింది మాత్రం ఇది.

"పైనుంచి భయం. సొరంగం నోరు. జితేందర్."

"పైనుంచి తవ్వద్దంటుండు" అన్నాడు జితేందర్ గుసగుసగా. "సొరంగం నోట్లకెల్లి రమ్మంటుండు. నన్ను రమ్మంటుండక్కా."

"గట్ల కాదు తమ్మీ" అన్నాడు ఆఫీసర్. "ఆ నోరు ఎప్పుడు కూలుతదో తెల్వది. నేను మనిషిని పంపలేను."

"సార్, లోపల గాలి లేదు! మీరు తెల్లారెదాంక తవ్వితే పీనుగ దొరుకుతది!" అని జితేందర్ అరిచాడు.

నేను ఆఫీసర్ కాళ్ళ మీద పడ్డాను. అర్జున్ రావు గారు నన్ను లేపబోయి, లేపలేక, తానూ కింద కూర్చుండిపోయారు. "సార్, ఏదన్న చెయ్యుండ్రి సార్" అని ఆయన కూడా బతిమాలారు. ఆఫీసర్ టార్చి పట్టుకుని బావిలోకి దిగి చూశాడు. కూలిన మట్టికుప్ప పైభాగాన, రాళ్ళ మధ్య, ఒక సందు ఏర్పడి ఉందట. కూలినప్పుడు అది లేదని జితేందర్ అన్నాడు. మట్టి తానే సర్దుకుని ఉంటుందని అందరూ అనుకున్నారు. బక్కపల్చని మనిషి పడుకుని పాకితే అందులో దూరగలడు.

జితేందర్ బక్కపల్చని మనిషి.

వాడి నడుముకు తాడు కట్టారు. తలకు హెల్మెట్ పెట్టారు. ఫైర్ వాళ్ళు బావి అడుగున నిలబడి తాడు పట్టుకున్నారు. ఒకసారి గుంజితే బాగున్నట్టు, ఆగకుండా గుంజితే బయటికి లాగేయాలని చెప్పారు. దిగేముందు వాడు నా దగ్గరికి వచ్చాడు.

"బావను తోలుకత్త అక్కా. నువ్వు ఆయనతోని మాట్లాడుకుంటుండు. నిద్రపోనియ్యకు."

నేను తల ఊపాను. వద్దు అనాలని నాకు తోచలేదు. ఆ క్షణంలో నాకు ప్రేమ్ తప్ప ఎవరూ గుర్తులేరు.

లైట్లు మళ్ళీ ఆర్పేశారు. టార్చిలైట్లు మాత్రం బావి గోడల మీద అటూ ఇటూ కదులుతున్నాయి. కింది నుంచి ఒకాయన అరిచి చెప్పాడు, "లోపలికి పోయిండు!" తాడు మెల్లగా జారుతోంది. ఒకసారి గుంజు వచ్చింది. బాగున్నాడు.

నేను ప్రేమ్‌ను మెలకువగా ఉంచాలి. ఏం అడగాలి? మనసులో భాగ్యశ్రీ మెదిలింది. దాని పేరు ఎత్తితే ఆయనకు ప్రాణం లేచి వస్తుంది. చిన్నపిల్లాడితో ఆడినట్టు అడిగాను.

"మన బిడ్డ పేరు చెప్పు."

ఎదురుచూశాను. బావిలోంచి వచ్చే బురద వాసన పెరిగింది. దగ్గరున్నవాళ్ళు ముక్కులకు కండువాలు పెట్టుకున్నారు. తెరమీద గీతలు మొదలయ్యాయి. ఒకటి... ఇంకొకటి...

"పేరు లేదు."

నేను తప్పు చదివానేమో అనుకున్నాను. మళ్ళీ చూశాను. అవే అక్షరాలు. బిడ్డ పేరు మరిచిపోతాడా? తలకు దెబ్బ తగిలిందా? మళ్ళీ పంపాను. మళ్ళీ అదే వచ్చింది.

"పేరు లేదు."

అప్పుడు చూశాను ఆ గీతలను. అంతవరకూ మాటలనే చూశాను గానీ గీతలను చూడలేదు. అన్నీ సమానంగా ఉన్నాయి. కొలబద్ద పెట్టి గీసినట్టు ఉన్నాయి. ప్రేమ్ జన్మలో అంత సమంగా పంపలేదు. అంత నిదానంగా, అంత కొలిచినట్టు పంపేది ఎవరు?

నేను.

అవి నా గీతలు. వేలు ఎక్కడ ఆపుతానో, ఎక్కడ ఒక వెంట్రుకవాసి ఎక్కువ నొక్కుతానో, అంతా నాదే.

తెరను వెనక్కి జరిపి సాయంత్రం నుంచి వచ్చిన మాటలన్నీ చూశాను. ఉన్న... గాలి... లేదు... పైనుంచి... భయం... సొరంగం నోరు... జితేందర్... పేరు... ఒక్కటీ కొత్తది లేదు. ప్రతి మాటా నేను కిందికి పంపిందే. నేను ఇచ్చినవే ఏరుకుని, అటూ ఇటూ మార్చి, నాకే ఇస్తోంది...

అరవడానికి తల పైకెత్తాను.

అదే సమయానికి తెరమీద కొత్త గీతలు మొదలయ్యాయి. నేనేమీ పంపలేదు. నా వేలు మీట మీద లేదు. అయినా వస్తోంది.

మొదటి అక్షరం... A.

ఆగింది.

రెండోది... K.

ఏమొస్తుందో తెలిసింది. రాకూడదని దేవుళ్ళందరికీ మొక్కాను. వేములవాడ రాజన్నకు మొక్కాను.

మూడోది... మళ్ళీ K.

నాలుగోది...

"అక్కా."

ఆ మాట నేను పంపలేదు. ఆ పొద్దంతా ఒక్కసారి కూడా పంపలేదు. ప్రేమ్ నన్ను అట్లా ఎన్నడూ పిలవడు. ఆ మాటతో నన్ను పిలిచేవాడు ఒక్కడే. వాడికి మోర్స్ రాదు. వాడు లోపల ఉన్నాడు.

"గుంజుండ్రి!" అని నా గొంతు చించుకున్నాను. "గుంజుండ్రి! నా తమ్మున్ని బయటికి గుంజుండ్రి!"

"ఏమైందమ్మా? బాగనే..."

"లోపల ఉన్నది ఆయన కాదు! గుంజుండ్రి!"

నేను బావి అంచుకు పరుగెత్తాను. అర్జున్ రావు గారు నా నడుము పట్టుకుని ఆపకపోతే అందులో పడేదాన్ని. కింద టార్చి వెలుగులో ముగ్గురు మనుషులు తాడు లాగుతున్నారు. తాడు రావడం లేదు. వాళ్ళ కాళ్ళు మట్టిలో జారుతున్నాయి. ఇంకో ఇద్దరు దిగారు. ఐదుగురూ కలిసి వెనక్కి వాలి లాగుతున్నారు.

"ఎక్కడన్న చిక్కుకుందా?" అని ఆఫీసర్ పైనుంచి అరిచాడు.

"చిక్కుకోలే సార్..." అన్నాడు కింది మనిషి. "అటు దిక్కు నుంచి గుంజుతుండ్రు."

ఆఫీసర్ టార్చిని సందు మీదికి తిప్పాడు.

తర్వాత తాడు ఒక్కసారిగా వదులైంది. ఐదుగురూ వెనక్కి పడ్డారు. సందులోంచి జితేందర్ కాళ్ళు ముందుగా బయటికి వచ్చాయి. తల ముందు పెట్టి పాకుతూ పోయిన మనిషి, కాళ్ళు ముందుగా, ఎవరో మెల్లగా నెట్టినట్టు బయటికి వచ్చాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

పైకి తెచ్చి పడుకోబెట్టారు. నేను వాడి ముఖం రెండు చేతులతో పట్టుకుని పిలిచాను. వాడు నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. కానీ మాట్లాడలేదు. బావి దిక్కు తల తిప్పి అట్లాగే ఉండిపోయాడు.

ఆ తర్వాత ఆ సందులోకి వెళ్ళమని ఆఫీసర్ ఎవరినీ అడగలేదు. జనరేటర్ ఇంక ఆపలేదు. నేను ల్యాప్‌టాప్ మూసేశాను. మూసేముందు తెరమీద ఇంకా గీతలు పడుతూనే ఉన్నాయి. నేను చదవలేదు.

తెల్లవారాక జేసీబీ సొరంగం దాకా వెళ్ళింది. ప్రేమ్ లోపల ఎక్కడో లేడు. నోటి దగ్గరే, కూలిన బండ కిందే ఉన్నాడు. జితేందర్ రాత్రి పాకుతూ పోయింది ఆయన పైనుంచే. సెట్టు ఆయన ఛాతీ కింద చితికిపోయి ఉంది. బ్యాటరీ రెండు ముక్కలైంది. వైరు తెగి, ఆయన మణికట్టుకు చుట్టుకుని ఉంది. జగిత్యాల ఆసుపత్రిలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఓదార్చడానికే చెప్పాడు. "ఆయన ఏం బాధపడలేదమ్మా. బండ పడ్డప్పుడే ప్రాణం పోయింది. మధ్యాహ్నమే."

డాక్టరుకు ఏమని చెప్పాలి? పొద్దూకేదాకా, పొద్దూకినాక కూడా, నేను నా భర్తతో మాట్లాడుతున్నానని చెప్పాలా? ఆయన మీద పేరుకున్న మట్టిని తవ్వుతూ, ఆయన బతికే ఉన్నాడని అంతమంది చప్పట్లు కొట్టారని చెప్పాలా?

అర్జున్ రావు గారు ఆ వారంలోనే బావిని పూడ్పించారు. ట్రాక్టర్లతో మట్టి పోయించి, పైన రోలర్ తిప్పించారు. తర్వాత ఒకసారి ఇంటికి వచ్చి పలకరించారు. వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగి, "మట్టి ఎన్ని ట్రిప్పులు పోసినా దిగుతనే ఉన్నది చెల్లె" అన్నారు.

ప్రేమ్ పోయిన మూడోరోజున మానేరు ఒడ్డున పిట్టకు పెట్టాం. ప్రేమ్‌కు ఇష్టమైన కోడికూర, అన్నం, పక్కన కల్లు పెట్టి దూరంగా నిలబడ్డాం. ఒక్క కాకి కూడా రాలేదు. ఎండ ఎక్కింది. అత్తమ్మ ఏడుస్తూ "ఏం కోరిక మిగిలిందిరా కొడుకా, అచ్చి తినురా" అని దండాలు పెడుతోంది. మామ పెంటయ్య తల పట్టుకుని ఇసుకలో కూర్చున్నాడు. జితేందర్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. బావిలోంచి వచ్చాక ఒక్క మాట మాట్లాడనివాడు, నాకు మాత్రమే వినపడేలా మెల్లగా అన్నాడు.

"రాడక్కా. ఆకలి లేదు ఆయనకు."

నేను ఉలిక్కిపడి వాడి చేయి పట్టుకున్నాను. "ఏందిరా? ఏం జూసినవ్ లోపల?"

"గాడ బువ్వ పెట్టిండ్రు. బావ పక్కన కూసున్న. మస్తు మంది ఉన్నరక్కా గాడ. వరుసగ కూసున్నరు."

"ఎవలురా వాళ్ళు?"

వాడు ఆలోచించాడు. చాలా చిన్నప్పుడు లెక్క తప్పితే పెట్టే ముఖం పెట్టాడు.

"పేర్లు లేవక్కా వాళ్ళకు."

"నువ్వు..." వాడి చేయి గట్టిగా పట్టుకున్నాను. "నువ్వు తిన్నవారా?"

వాడు ఏటి దిక్కు చూస్తూ నిలబడ్డాడు. వాడు తాడు కట్టుకుని లోపలికి పోయి వచ్చింది ఎంతసేపని? సెట్టు ముందు కూర్చుని నేను నాలుగు మాటలు చదివినంతసేపు.

వాడిని వేములవాడ లాడ్జి పని మాన్పించి నా దగ్గరే ఉంచుకున్నాను. కరీంనగర్ తీసుకెళ్ళి చూపించాను. పరీక్షలన్నీ బాగున్నాయన్నారు. కొండగట్టు తీసుకెళ్ళి గుళ్ళో నిద్ర చేయించాను. నేను కూడా వాడి పక్కనే పడుకున్నాను. ఎక్కడికి వెళ్ళినా వాడు బుద్ధిగా వస్తాడు, కూర్చోమంటే కూర్చుంటాడు. భాగ్యశ్రీతో ఆడుకుంటాడు. దాన్ని బడికి దింపి వస్తాడు. అందరూ మెల్లగా కోలుకుంటున్నాడని అంటున్నారు.

కానీ వాడు మా ఇంట్లో అన్నం ముట్టడు. పెడితే కంచం ముందు కూర్చుని, "ఇప్పుడే తిన్న అక్కా" అని లేచిపోతాడు. బయట ఎక్కడైనా తింటున్నాడేమో అని వెంట వెళ్ళి చూశాను. ఒక గింజ కూడా నోట్లో వేసుకోడు. నెలలు గడిచాయి. మనిషి చిక్కిపోలేదు. మొన్న పాత చొక్కా వేసుకుంటే పొట్ట దగ్గర బిగుతయింది.

రోజూ తెల్లవారుతూనే చాప మీద నుంచి లేస్తాడు. ముఖం కడగడు. ఎవరితోనూ మాట్లాడడు. నేరుగా నల్లా దగ్గరికి వెళ్ళి, కూర్చుని, కుడిచేయి ఒక్కటే మణికట్టు దాకా కడుక్కుంటాడు.